ఆయన చెప్పిన బందరు

మా తమ్ముడి కూతురు మొన్న వెనిస్ వెళ్ళొచ్చింది. వీపున ఒక సంచి, కాళ్ళకి ఒక జత బూట్లు, అంతే సామాను. ముక్కూ మొహం తెలియని ఆడపిల్లలతో కలిసి ఒకే గదిలో పడుకుందట. హోటళ్ళ మొహం చూడకుండా, రొట్టె కొనుక్కుని వంతెన మెట్ల మీద కూర్చుని తిందట. ఫోనులో ఫొటోలు ఒక్కొక్కటీ జరుపుతూ, "ఊరంతా కాలవలే అత్తా! ఇరుకు సందులు, పాత మేడలు, ఇసకేస్తే రాలని జనం. చేతిలో డబ్బుల్లేకుండా తిరిగితేనే ఊరు తెలుస్తుంది" అని నాకు పాఠం చెప్పింది.

చెప్పనిచ్చాను. నేనూ ఒకప్పుడు అలాగే ఒక కాలవల ఊరు తిరిగానని, భుజాన సంచి, సంచిలో చపాతీలు, అంతకు మించి ఏమీ లేకుండా తిరిగానని, నాకు తోడొచ్చిన మనిషి వీళ్ళ బ్యాచిలో ఎవరికీ తీసిపోదని చెప్పాలనిపించింది. చెబితే నవ్వుతుందేమోనని ఊరుకున్నాను. ఆ ఊరు బందరు. ఆ మనిషి మా ఇల్లుగలావిడ.

దివిసీమ ఉప్పెన వచ్చి వెళ్ళిన మరుసటి ఏడు నాకు బందరు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఉద్యోగం వచ్చింది. మాది గుడివాడ. ప్యాసింజరు బండి ఎక్కితే పూట పట్టని దూరమే అయినా, డ్యూటీ వేళలకి బండి వేళలకి పొత్తు కుదరక, ఇనగుదురుపేట వైపు ఒక సందులో గది అద్దెకి తీసుకున్నాను. సందంతా ముస్లిముల ఇళ్ళు. మా ఇల్లుగలావిడ భర్త ఉప్పెనకి ముందే జబ్బు చేసి పోయాడు. పిల్లల్లేరు. ముందు గదిలో నేను, వెనక గదిలో ఆవిడ, మధ్యలో ఒక వసారా, వసారాలో ఒక మేక. నేను ఆవిడని పిన్నిగారూ అనేదాన్ని. ఆవిడ నన్ను "ఫోనమ్మా" అనేది. కోపం వచ్చినప్పుడు మాత్రం "బేటీ" అనేది.

ఆవిడ పుట్టింది బందరులోనే, కాపురం చేసిందీ బందరులోనే. కానీ బందరు చూడలేదు. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు అర్థం కాలేదు. వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు గడప దాటాలంటే రిక్షాకి చుట్టూ పరదా కట్టాలి. పరదాలో ఎక్కి, పరదాలో దిగి, పుట్టింటికో పెళ్ళింటికో వెళ్ళి రావడమే. ఊరు ఆవిడకి చప్పుడుగానూ, వాసనగానూ తెలుసు. వంతెన మీద చక్రాల మోత మారితే కాలవ దాటుతున్నాం అని తెలిసేది. పచ్చి కలప వాసన వస్తే డిపోల వీధి. అంతే.

మిగతా ఊరంతా ఆవిడకి మొగుడు చెప్పాడు. ఆయన కాలవ ఒడ్డున ఒక కలప డిపోలో గుమాస్తా. చీకటి పడ్డాక ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకోగానే మొదలుపెట్టేవాడట. ఇవాళ వలందపాలెంలో ఏం జరిగింది, పరాసుపేటలో ఫ్రెంచివాళ్ళు కట్టిన మేడకి నీలం అద్దాల తలుపులు ఎలా ఉంటాయి, కోటలో నిలువెత్తు గంట ఎలా ఉంటుంది, రేవులో ఓడలు ఎలా వచ్చి ఒడ్డుకి ఆనుకుని నిలబడతాయి, వాటి మీద ఏయే దేశాల జెండాలు ఎగురుతాయి. ఆవిడ అవన్నీ విని, మర్నాడు మధ్యాహ్నం సందులో ఆడవాళ్ళకి చెప్పేది. బియ్యం ఏరుకుంటూ, కుట్టుపని చేసుకుంటూ వాళ్ళంతా వసారాలో చేరేవాళ్ళు. వాళ్ళలోనూ ఊరు చూసినవాళ్ళు లేరు. పెళ్ళయిన నాటినుంచి ఆయన పోయేదాకా, ఆ సందులో ఆడవాళ్ళందరికీ బందరు అంటే ఆయన చెప్పిన బందరే. ఆ మాట మీదే ఆవిడకి సందులో పెద్దరికం కూడా వచ్చింది.

"ఆయన పోయాక ఇంట్లోకి ఊరు రావడం ఆగిపోయింది ఫోనమ్మా" అంది ఒకరోజు. నాకు గురువారం సెలవు. ఆ సెలవు రోజున కొత్త ఊరు చూద్దామని నేను ఒక్కదాన్నే బయల్దేరుతుంటే, ఆవిడ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ నిలబడి ఉంది. బురఖా వేసుకుంది. చేతిలో గుడ్డసంచి. అందులో చపాతీలు, మామిడికాయ పచ్చడి. "నేనూ వస్తాను. రిక్షా వద్దు. నడుద్దాం" అంది.

అదే సమయానికి ఆవిడ మరిది వచ్చాడు. వీధి చివర అత్తరు కొట్టు ఆయనది. గుమ్మంలోనే నిలబడి, "ఈ వయసులో ఊరు తిరగడమేంటి భాభీ, చూసినవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నాడు.

"ఈ వయసులో నన్నెవరు చూస్తారు? నేనే చూడాలి" అని ఆవిడ వీధిలోకి దిగింది.

అలా మొదలైంది మా తిరుగుడు. ప్రతి గురువారం ఒక పేట. నా మొదటి ఉద్యోగపు జీతం సగం గుడివాడ వెళ్ళిపోయేది. ఆవిడకి నేనిచ్చే అద్దే ఆధారం. కాబట్టి మా కాళ్ళే మాకు బండ్లు. ఎండ ఎక్కువైతే మసీదు గోడ నీడలోనో, సత్రం అరుగు మీదో కూర్చునేవాళ్ళం. మిఠాయి కొట్టు ముందు నిలబడి హల్వా వాసన ఇద్దరం కలిసి పీల్చి, కొనకుండా ముందుకి వెళ్ళేవాళ్ళం. ఒకసారి మాత్రం గోలీసోడా తాగాం. ముసుగు కొంచెం పైకెత్తి సోడా తాగి, ముక్కులోకి ఎగదన్నిన గ్యాసుకి ఆవిడ నడివీధిలో ఎంత నవ్విందంటే, సోడా కొట్టువాడు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

నడక మాత్రం రాదు ఆవిడకి. అంటే, వీధిలో ఎలా నడవాలో రాదు. పక్కకి తప్పుకోవాలని ఎవరూ నేర్పలేదు కదా. కోనేరు సెంటరులో రోడ్డుకి సరిగ్గా నడిమధ్యన, పెళ్ళికూతురిలా నెమ్మదిగా నడిచేది. రిక్షావాళ్ళు గంటలు కొట్టీ కొట్టీ, చివరికి వాళ్ళే పక్కకి తప్పుకునేవాళ్ళు. నేను రెక్క పట్టుకుని లాగితే, "ఉండు, చూడనీ" అనేది. ఏం చూస్తోందా అని నేనూ చూసేదాన్ని. ఏమీ ఉండేది కాదు. అరటిగెలలు వేలాడదీసిన కొట్టు. సైకిలు ట్యూబుకి పంక్చరు వేస్తున్న మనిషి. గుర్రపుడెక్క కమ్మేసిన కాలవలో, ధాన్యం బస్తాలతో నిండుగా వస్తున్న పడవ, దాన్ని తాడుతో గట్టు మీంచి లాక్కెళ్తున్న ఇద్దరు మనుషులు. ఆవిడ ఆ తాడు కేసి చూస్తూ ఆ పడవ కనుమరుగయ్యేదాకా కదల్లేదు. "ఇంత బరువు నీళ్ళ మీద ఎంత తేలిగ్గా పోతోందో చూడు" అంది. గుడివాడ కాలవలో పడవలు చూస్తూనే పెరిగాను నేను. కానీ పడవని ఆవిడ పక్కన నిలబడి చూసిన ఆ రోజే మొదటిసారి చూశాననిపించింది.

ఎక్కడికి వెళ్ళినా ఆవిడకి ఒక పద్ధతి ఉండేది. ఫలానా చోటికి వచ్చామని నేను చెప్పగానే ఆగిపోయేది. ముసుగు దించుకుని, లోపల కళ్ళు మూసుకుని, అక్కడ ఏముండాలో ముందు అప్పజెప్పేది. "ఆయన చెప్పారు, ఎడంపక్కన ఇనపగేటు ఉంటుంది, లోపల రాతి సమాధులు, వాటి మీద పుర్రెలు చెక్కి ఉంటాయి." తర్వాత ముసుగెత్తి చూసేది. డచ్చివాళ్ళ సమాధుల దగ్గర అన్నీ చెప్పినట్టే ఉన్నాయి. ఇనపగేటూ ఉంది, సమాధులూ ఉన్నాయి, రాతి మీద పుర్రే ఉంది, కింద ఎముకలూ ఉన్నాయి. ఆవిడ ఆ పుర్రె మీద అరచెయ్యి పెట్టి, "చూశావా! ఆయన అబద్ధం చెప్పరు" అంది. పరీక్ష ప్యాసయింది తనే అన్నంత సంతోషం. చచ్చిపోయిన మొగుణ్ణి ఎవరైనా ఇంత గర్వంగా తలుచుకోగలరని నేను అనుకోలేదు.

పరాసుపేటలో నీలం అద్దాల తలుపుల మేడ లేదు. ఈ చివర నుంచి ఆ చివరికి రెండుసార్లు తిరిగాం. అడిగినవాళ్ళెవరికీ తెలియదు. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఉప్పెనకి పోయుంటుంది" అంది. నిజమే, ఉప్పెనకి ఎన్నో పోయాయి. ఇళ్ళ గోడల మీద నీటి చారలు ఇంకా ఉన్నాయి, కప్పులు లేని ఇళ్ళూ ఉన్నాయి. దివిసీమ వైపు అయితే చెప్పక్కర్లేదు. ఎక్స్ఛేంజీలో అవనిగడ్డ లైను కలిపిన ప్రతిసారీ, అవతల గొంతు పలికేదాకా అక్కడ మనిషి ఉన్నారని నాకు నమ్మకం ఉండేది కాదు. ఆ గాలి ఒక మేడని తీసుకుపోయిందంటే ఎవరు కాదంటారు? నేనూ అవునన్నాను.

కానీ ఆ తర్వాత కోటకి వెళ్ళాం. పాడుబడ్డ గోడలు, తుప్పలు. నిలువెత్తు గంట లేదు. గంట వేలాడదీయడానికి తగిన చోటు కూడా లేదు. "ఉప్పెనకే" అంది ఆవిడ. ఈసారి గొంతులో అంత బలం లేదు. చపాతీలు తినేటప్పుడు, "అంత గంటని నీళ్ళు తీసుకెళ్తాయా ఫోనమ్మా?" అని అడిగింది. నీళ్ళకి బరువేం తెలుసండీ అన్నాను. నాకు అప్పుడు అర్థమైంది ఆవిడ దేనికి భయపడుతోందో. ఆయన చెప్పింది అబద్ధమని తేలితే, సందులో ఆడవాళ్ళ ముందు మాట పోవడం ఒక్కటే కాదు. పెళ్ళయిన నాటినుంచి ప్రతి రాత్రి ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పిన ఆ మనిషి ఎవరో తనకి తెలియనట్టే. ఆవిడకి మొగుడు మళ్ళీ చచ్చిపోయినట్టే.

"ఇంక చాలించేద్దామా పిన్నిగారూ?" అన్నాను.

"ఓడలు చూడాలి. ఓడలు ఉంటే మిగతావి లేకపోయినా పరవాలేదు" అంది.

గిలకలదిండి రేవుకి పొద్దున్నే బయల్దేరాం. ఆ ముందురోజు సందులో ఆడవాళ్ళంతా వచ్చి, జెండాలు ఏ రంగులో ఉన్నాయో గుర్తుపెట్టుకుని రమ్మని మరీ మరీ చెప్పారు. కాలవ గట్టంట నడిచి, ఊరు దాటి, తాటిచెట్లు దాటి, చేపల వాసన ముక్కుకి తగిలేదాకా వెళ్ళాం. రేవులో ఎటు చూసినా పడవలే. ఐసు పెట్టెలు, వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళు, బుట్టల దగ్గర బేరాలాడుతున్న ఆడవాళ్ళు, కాకులు, గోల. ఆవిడ ఆగింది. ముసుగు దించుకుని కళ్ళు మూసుకుంది. "ఆయన చెప్పారు, ఒడ్డుకి ఆనుకుని ఓడలుంటాయి. తల వెనక్కి వాల్చితే గానీ జెండా కనపడదు." తర్వాత ముసుగెత్తింది.

ఎదురుగా బురదనీళ్ళ పాయ. అవతల ఉప్పునీళ్ళలో పెరిగే మడచెట్లు. ఓడ లేదు.

పక్కనే ఎండుచేపలు ఆరబోస్తున్న ఒకావిడ మా వాలకం చూసి, "ఎవరి కోసం తల్లీ?" అంది. మనిషి నల్లగా, గట్టిగా ఉంది. ముక్కుకి రెండువైపులా పుడకలు.

"ఓడలు ఇక్కడ నిలబడేవి కదా. ఉప్పెనకి పోయాయా?" అంది పిన్నిగారు.

ఆ చేపలావిడ పెద్దగా నవ్వేసింది. "ఇక్కడ ఓడా? ఒడ్డుకా? మోకాల్లోతు బురద ఉంటే ఓడెలా వస్తదమ్మా! మా తాతల నాటినించీ ఓడంటే అల్లంత దూరానే. పడవలేసుకుని వెళ్ళి సరుకు దింపుకోడమే. ఎవరు చెప్పారు మీకు?"

పిన్నిగారు ఒక తిరగేసిన నావ నీడన కూర్చుండిపోయింది. ముసుగు వేసుకునే ఉంది కాబట్టి మొహం కనపడలేదు. చేతులు మాత్రం కనపడుతున్నాయి. సంచి పట్టుకున్న ఆ చేతులు చూడలేక నేను పక్కకి తిరిగాను. కట్టుకున్న మనిషి గురించి అలాంటి మాట పరాయి మనిషి నోట వినడం ఎంత కష్టం! తన మాట ఎక్కడో తగిలిందని ఆ చేపలావిడకి కూడా అర్థమైనట్టుంది. నవ్వు ఆపి, మా దగ్గరకొచ్చి, "ఏమైందమ్మా?" అని నన్ను అడిగింది. చెప్పాను. చేపలావిడ చేతులు చీరకి తుడుచుకుని, "అయితే సముద్రమైనా చూసి వెళ్ళండి. ఇంత దూరం వచ్చి చూడకుండా పోతారా? మా ఆయన మొగ దాకా వెళ్తన్నాడు, ఎక్కండి" అంది. కాలవ వెళ్ళి సముద్రంలో కలిసే చోటుని వాళ్ళు మొగ అంటారు.

వాళ్ళాయనకి ఇష్టం లేదు. "బురఖా వేసుకుని నావెక్కితే ఎలాగే? గాలికి తెరచాపలాగా లేస్తది" అని గొణిగాడు.

పిన్నిగారు లేచింది. "అయితే నీకు తెడ్డు వేసే పని తప్పుతుంది కదయ్యా" అని, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని బురదలోకి దిగింది. నేనూ కంగారుగా ఆవిడ వెనకే దిగాను. ఆవిడ మాత్రం నావ అంచు పట్టుకుని ఎక్కి, ముందు కొసన కూర్చుంది.

పాయ మెలికలు తిరుగుతూ వెళ్ళింది. మడచెట్ల మధ్య గట్లన్నీ ఒకేలా ఉన్నాయి. గాలి మారింది. పెదాల మీద ఉప్పు తగిలింది. ఆఖరి మెలిక తిరిగాక రెండు పక్కలా ఒడ్డులు ఒక్కసారి పక్కకి తప్పుకున్నాయి. ఎదురుగా ఇంకేమీ లేదు, నీళ్ళు తప్ప.

ఈసారి ఆవిడ ముసుగు దించుకోలేదు, కళ్ళు మూసుకోలేదు, ఏమీ అప్పజెప్పలేదు. గాలికి ముసుగు దానంతటదే వెనక్కి పోయింది. సరిచేసుకోలేదు. నావ ఆ అలలకి ఊగుతోంటే, రెండు చేతులా అంచు పట్టుకుని, నోరు కొంచెం తెరిచి అలా చూస్తూ ఉండిపోయింది. నేను సముద్రం వైపు చూడలేదు. ఆవిడ మొహమే చూశాను. ఒక మనిషి మొహం మీద అంత ఆశ్చర్యం, అంత భక్తి నేను గుళ్ళో కూడా చూడలేదు. సముద్రం పక్కన ఊళ్ళో పుట్టి, ఆ నీళ్ళే ఇంట్లోకి వస్తే తట్టుకుని నిలబడి, దాన్ని మొదటిసారి చూస్తున్న మనిషి. నాకు ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

చాలాసేపటికి నా వైపు తిరిగింది. "ఇంత ఉంటుందని ఆయన ఎందుకు చెప్పలేదు?"

ఆవిడ నీళ్ళ కేసి చెయ్యి చూపించింది.

"ఓడలు చెప్పారు, జెండాలు చెప్పారు, తాళ్ళు చెప్పారు. ఇది చెప్పలేదు. చూసినవాడెవడైనా ఓడల గురించి చెబుతాడా ఫోనమ్మా? దీని గురించే చెబుతాడు. వేరే మాట నోటికి రాదు." ఆగింది. "తెల్లారకముందే డిపోకి వెళ్ళేవారు. చీకటి పడ్డాక వచ్చేవారు. శుక్రవారం నమాజు అయినా మళ్ళీ డిపోకే. ఎప్పుడు చూస్తారు? పడవలవాళ్ళు డిపో ముందు ఆగి చెప్పుకునే కబుర్లన్నీ పోగుచేసి నాకు తెచ్చేవారు."

ఆవిడ కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. "పాపం, ఆయనా చూడలేదు" అంది. "ఇక్కడే పుట్టి, ఇక్కడే పోయారు. మగవాడై ఉండీ చూడలేదు."

నాకూ ఏడుపొచ్చింది. అబద్ధం చెప్పాడని కోపం తెచ్చుకుంటుందేమో, లేకపోతే మళ్ళీ ఉప్పెన మీదకి నెడుతుందేమో అనుకున్నాను. మొగుడి మీద అంత జాలి పడుతుందనుకోలేదు. పరదా తనకొక్కదానికే ఉందని అంతకాలం అనుకున్న మనిషి, ఆయనకీ ఒకటి ఉండేదని ఆ నావలో కూర్చుని తెలుసుకుంది. నావవాడు కూడా తెడ్డు ఎత్తిపెట్టి, మమ్మల్ని తొందరపెట్టకుండా కూర్చున్నాడు.

సాయంత్రానికి ఇల్లు చేరాం. సందులో ఆడవాళ్ళు వసారాలో మా కోసమే కూర్చుని ఉన్నారు. బురఖా అంచులకి బురద చూసి నోళ్ళు నొక్కుకున్నారు. ఆవిడ కాళ్ళు కడుక్కుని వచ్చి, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంది. ఆవిడ ఓడలున్నాయని చెప్పినా నేను తలూపడానికి సిద్ధంగానే ఉన్నాను.

"జెండాలు ఏ రంగు?" అని అడిగింది ఎదురింటి కోడలు.

"ఓడలూ లేవు, జెండాలూ లేవు. ఎప్పుడూ లేవట. ఆయన చూడలేదు, విని చెప్పారు. నేను చూడలేదు, విని మీకు చెప్పాను" అంది పిన్నిగారు.

వసారాలో మేక ఏదో నములుతోంది. ఆ కోడలే మళ్ళీ, "మరి ఏముంది అక్కడ?" అంది.

పిన్నిగారు నోరు తెరిచింది. చేతులు రెండూ చాపింది, ఇంత అని చూపించబోయినట్టు. చాపిన చేతులు అలాగే దించేసుకుంది. "నేను చెబితే మళ్ళీ ఆయన చెప్పినట్టే ఉంటుంది. వచ్చే గురువారం మీరూ రండి" అంది.

"అమ్మో, మా ఆయన ఏమంటాడో, అడగాలి."

"అడుగు" అంది పిన్నిగారు. "ముందు ఆయన చూశాడేమో అడుగు."

ఆ గురువారం మా సందులోంచి ఒక గుంపు బురఖాలు కాలవ గట్టంట నడిచాయి. వాటి వెనకాల కాస్త ఎడంగా, సిగ్గుపడుతూ, ఇద్దరు ముగ్గురు మొగుళ్ళు కూడా నడిచారు.